ఏ ఉలికి ఏ సాన

ఐదు సెంటీమీటర్ల మందం ఉన్న కర్రను లేత్‌కు ఎక్కించి నిమిషానికి 1,500 చుట్లు తిప్పితే, ఉలి అంచు ముందు నుంచి నిమిషానికి దాదాపు 235 మీటర్ల కర్ర జారిపోతుంది. పది నిమిషాల్లో అది రెండు కిలోమీటర్లు దాటుతుంది. చిత్రిక పట్టే వడ్రంగి ఎంత ఒడుపున్నవాడైనా, అదే పది నిమిషాల్లో మీటరు పొడవు పలక మీద రెండు మూడు వందల తోపులు తోయగలడు. అంటే రెండు మూడు వందల మీటర్లు. ఇద్దరి చేతిలో ఉన్నదీ ఉక్కే, ఇద్దరూ కోసేదీ కర్రనే. కానీ ఒక అంచు మీద పడే అరుగుదల ఇంకోదానికి దగ్గరదగ్గర పదింతలు.

పదును పెట్టే యంత్రాల గురించీ రాళ్ళ గురించీ జరిగే వాదాల్లో చాలామటుకు ఈ లెక్క పట్టించుకోకపోవడం వల్లే పుడతాయి. బల్ల దగ్గర పనిచేసే వడ్రంగి 8,000 నంబరు రాయి మీద అద్దంలా మెరిపించిన ఉలిని చూపించి, పదునంటే ఇదీ అంటాడు. లేత్ పనివాడు నిప్పురవ్వల మధ్య నుంచి తీసిన గౌజ్‌ను (గాడిలా పొట్ట ఉన్న ఉలిని) తుడవనైనా తుడవకుండా కర్రకు ఆనించి, రిబ్బన్లలాంటి పొరలు లేపుతాడు. ఇద్దరి మాటా నిజమే. ఒకరి సలహాను ఇంకొకరు పాటించినప్పుడే చిక్కు. ఇవాళ బజార్లో దొరికే ఏ సాధనంతోనైనా, చెయ్యి తిరిగినవాడు చేతి మీది వెంట్రుకలు గొరిగేంత పదును తేగలడు. అందుకని "ఇది ఎంత పదునిస్తుంది" అన్న ప్రశ్న పెద్దగా తేల్చేదేమీ ఉండదు. రోజుకు ఎన్నిసార్లు దాని దగ్గరికి వెళ్ళాలి? వెళ్ళిన ప్రతిసారీ పాత కోణం అలాగే చిక్కుతుందా? చిక్కించుకోవడానికి ఎంత ఉక్కు తగలెయ్యాలి? ఈ సమీక్ష ఆ మూడు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది.

ముందు అంచు సంగతి. ఉలికి వెన్ను ఒక చదునైన ముఖం, వాలు ఇంకో ముఖం. ఆ రెండూ కలిసే గీతే పదును. భూతద్దం కింద ఆ గీత ఎప్పుడూ కొంత గుండ్రంగానే ఉంటుంది. మంచి పదునులో ఆ గుండ్రం మైక్రాన్‌లో సగానికి లోపే. కోస్తున్నకొద్దీ అది పెరుగుతుంది, అక్కడక్కడ సన్నటి పెచ్చులూడుతుంది. మెత్తటి వస్తువు గట్టి ఉక్కును ఎలా మొద్దుబరుస్తుందన్న సందేహం పాతదే. అమెరికాలోని ఎంఐటీ పరిశోధకులు 2020లో దీన్ని గడ్డం బ్లేడు మీద పరీక్షించారు. వెంట్రుక ఉక్కుకన్నా 50 రెట్లు మెత్తన. అయినా ఉక్కు లోపలి నిర్మాణం ఒక్క తీరుగా లేని చోట, వెంట్రుక ఒరిగి ఒక కోణంలో తగిలినప్పుడు అంచు పెచ్చులూడుతోందని సూక్ష్మదర్శిని కింద చూశారు. కర్ర విషయంలో దీనికి తోడు ఇసుక కూడా ఉంది. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది. కోతకు ఇంపుగా ఉండే టేకు, పదునును మాత్రం మింగేస్తుందని వడ్రంగులు విసుక్కునేది అందుకే.

మెత్తటి కర్రకు ఏ పదునైనా చాలనుకోవడం ఇంకో పొరపాటు. నిజం దీనికి తలకిందులు. గట్టి కర్ర నార ఉలికి ఎదురు నిలబడి తెగుతుంది. మెత్తటి కర్ర నార ముందు నలుగుతుంది, ఒంగుతుంది, ఆ తర్వాత చిరుగుతుంది. కొండపల్లి బొమ్మలకు వాడే తెల్ల పొణికి చాలా తేలికైన కర్ర. మొద్దుబారిన ఉలితో దాన్ని అడ్డంగా కోస్తే కోసిన ముఖం దూది రేగినట్టు లేస్తుంది. అలాంటి కర్రకు 20 డిగ్రీల దగ్గర్లో పలచటి వాలు, నునుపుగా నూరిన అంచు కావాలి. మాధవమాలలో ఎర్రచందనం చెక్కేవాడికి అదే వాలు ఇస్తే ఒక్క పూటలో అంచు వంకర్లు పోతుంది. అతనికి 30 డిగ్రీలు, సుత్తి దెబ్బలు గట్టిగా పడే ఉలికి ఇంకో అయిదు ఎక్కువే కావాలి.

ఏ రాయి ఏ ఉక్కును కొరుకుతుందన్నది చాలామంది నమ్మకాలతో తేల్చుకునే విషయం. నిజానికి అది అంకెల్లో చూడవచ్చు. గట్టిదనాన్ని కొలిచే విక్కర్స్ కొలమానంలో గట్టిపరచిన ఉక్కు సుమారు 700 నుంచి 800 దాకా ఉంటుంది. ప్రకృతిలో దొరికే సానరాళ్ళలోని క్వార్ట్జ్ దానికి కాస్త పైన, అంతే. అల్యూమినియం ఆక్సైడ్ 2,000 పైచిలుకు, కార్బొరండం (సిలికాన్ కార్బైడ్) 2,500 దరిదాపు, సీబీఎన్ (క్యూబిక్ బోరాన్ నైట్రైడ్) 4,500, వజ్రం వీటన్నిటికీ చాలా పైన. ఇప్పుడు ఉక్కు వైపు చూడండి. పాతకాలపు కార్బన్ స్టీల్‌లో ఇనుప కార్బైడ్లే ఉంటాయి కాబట్టి ఏ రాయి మీదైనా నూరుకుంటుంది. లేత్ ఉలులు ఎక్కువగా ఎం2 రకం హైస్పీడ్ స్టీల్‌తో చేస్తారు. అందులో టంగ్‌స్టన్ 6 శాతం, మాలిబ్డినమ్ 5 శాతం, క్రోమియం 4 శాతం, వెనేడియం 2 శాతం. వెనేడియం కార్బైడ్ గట్టిదనం 2,800. అంటే అల్యూమినియం ఆక్సైడ్ రాయి కన్నా అదే గట్టిది. అలాంటి ఉక్కును రాయి మీద రుద్దితే చుట్టూ ఉన్న లోహం అరుగుతుంది, ఆ గింజలు మాత్రం అలాగే పొడుచుకుని ఉంటాయి. వెనేడియం పదిశాతం దాకా ఉండే కొత్త పౌడర్ స్టీళ్ళకు వజ్రమో సీబీఎనో తప్ప గత్యంతరం లేదు. కొత్త రకం ఉలి కొని పాత రాయి మీద గంటసేపు రుద్ది, ఉలిని తిట్టుకునేవాళ్ళకు ఇదీ జవాబు.

వెనేడియం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్క సంగతి. నిజామాబాద్ ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పర్షియా దాకా వెళ్ళి డమాస్కస్ కత్తులైందన్నది మనం గర్వంగా చెప్పుకునే చరిత్ర. ఆ కత్తుల మీది అలల నమూనాకు ఇనుప ఖనిజంలో లేశమాత్రంగా ఉన్న వెనేడియం లాంటి మూలకాలే కారణమని జాన్ వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే బృందం 1998లో ప్రతిపాదించింది. ఆ కాలపు కమ్మరికి ఆ పేరు తెలియదు. సాన మీద పెట్టినప్పుడు కొన్ని దిమ్మెలు లొంగడం లేదని మాత్రం తెలిసే ఉంటుంది.

ఇక వేడి. కార్బన్ స్టీల్ ఉలిని గట్టిపరిచాక 200 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల మళ్ళీ కాచి పెళుసుదనం తగ్గిస్తారు. గ్రైండర్ మీద అంతకు మించి కాలితే గట్టిదనం దిగిపోతుంది. 230 దగ్గర గడ్డిరంగు, 280 దగ్గర ఊదా, 300 దగ్గర నీలం తేలుతుంది. నీలం తేలిన మేర ఉలి చచ్చినట్టే, అంత మేరా అరగదీసి పారెయ్యాలి. హైస్పీడ్ స్టీల్ కథ వేరు. అమెరికాలోని బెత్లెహెమ్ స్టీల్‌లో ఫ్రెడరిక్ విన్‌స్లో టేలర్, మాన్సెల్ వైట్ దాన్ని సాధించి, 1900 పారిస్ ప్రదర్శనలో చూపించారు. మొన ఎర్రగా కాలుతున్నా అది ఇనుము కోస్తూనే ఉంది. చూసినవాళ్ళు నోరెళ్ళబెట్టారు. 500 డిగ్రీలు దాటినా గట్టిదనం వదలని ఆ ఉక్కుకు నీలం రంగు పైపై మరకే. అది చూసి కంగారుపడి నీళ్ళలో ముంచితేనే ముప్పు. అంచులో కంటికి కనపడని పగుళ్ళు రావచ్చు. కాబట్టి బల్ల ఉలి కాలకముందే మాటిమాటికీ ముంచాలి, లేత్ ఉలిని అసలు ముంచకూడదు. ఒకే షెడ్డులో రెండు రకాల ఉలులూ ఉంటాయి కాబట్టి ఈ తేడా గోడ మీద రాసిపెట్టుకున్నా తప్పులేదు.

రాళ్ళ విషయానికొస్తే, మన దేశంలో సాన చక్రం చాలా పాతది. కురువిందం పొడిని కరిగిన లక్కతో కలిపి చక్రంగా పోసి, ఒకరు తాడు లాగి తిప్పుతుంటే ఇంకొకరు కత్తో రత్నమో పట్టేవారు. అనంతపురం, ఖమ్మం ప్రాంతాల్లో కురువిందం దొరుకుతుంది. అది సహజ అల్యూమినియం ఆక్సైడే. ఇవాళ్టి తెల్లటి గ్రైండింగ్ వీల్‌లో ఉన్నదీ అదే పదార్థం, కరెంటు కొలిమిలో తయారైందన్న తేడా తప్ప. మనం వాడే కార్బొరండం పూర్తిగా మనిషి సృష్టి. ఎడ్వర్డ్ అచెసన్ 1891లో కృత్రిమ వజ్రాలు చేయబోతే ఇది దొరికింది. మద్రాసులో 1954లో కార్బొరండం యూనివర్సల్ కంపెనీ మొదలయ్యాక మనవైపు హార్డ్‌వేర్ దుకాణాలన్నిటికీ ఆ నల్లటి రాయి చేరింది. ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే ఆ ఇటుక ఈ సమీక్షలో అన్నిటికన్నా చవకైన వస్తువు, అన్నిటికన్నా ఎక్కువగా పాడుచేసుకునే వస్తువు కూడా. ఏళ్ళ తరబడి మధ్యలోనే రుద్ది పల్లం చేస్తారు. పల్లం పడ్డ రాయి మీద ఉలి వెన్ను ఎన్నటికీ చదును కాదు. వెన్ను చదును కానిదే పదును లేదు. సిమెంటు గచ్చు మీద నీళ్ళూ ఇసుకా పోసి రాయినే తిరగేసి రుద్దితే అరగంటలో పల్లం పోతుంది. దుకాణంలో కొత్త రాయి కొనేముందు ఈ పని చెయ్యమని నా సలహా.

జపాన్ నీటి రాళ్ళకు పేరు రావడానికి కారణం వాటి మెత్తదనమే. గింజలను పట్టి ఉంచే బంధం బలహీనంగా ఉంటుంది కాబట్టి, అరిగిన గింజ రాలి కొత్తది పైకొస్తుంది. అందుకే అవి త్వరగా కోస్తాయి, త్వరగా పల్లం పడతాయి. చదునైన చిత్రిక బ్లేడుకు 1,000 నంబరు రాయి, 6,000 నంబరు రాయి చాలు. అంతకు పైన కొనేది చాలావరకు సరదా. లేత్ గౌజ్‌కు మాత్రం నీటి రాయి పనికిరాదు. గుండ్రటి వాలుతో నాలుగు రుద్దులకే రాయిలో గాడి పడుతుంది. వజ్రపు పలకలకు ఆ బాధ లేదు. చదును పోదు, నీళ్ళు చిలకరిస్తే చాలు. కొత్తలో మరీ గరుకుగా కోసి, కొన్నాళ్ళకు నెమ్మదిస్తాయి. అప్పుడు చెడిపోయిందని పారేసేవాళ్ళున్నారు. నిజానికి అది అప్పటికే స్థిరపడింది. 25 మైక్రాన్ల పలక ఒకటి, 9 మైక్రాన్ల పలక ఒకటి ఉంటే సంవత్సరాలు గడుస్తాయి.

కారు పెయింటర్లు వాడే వాటర్ పేపర్‌ను దళసరి గాజుపలక మీద తడిపి పరిచి నూరే పద్ధతి పేదవాడి నీటి రాయి. 400, 1,000, 2,000 నంబర్లు ఏ చిన్న ఊళ్ళోనైనా దొరుకుతాయి. ఉలిని వెనక్కి లాగుతూనే నూరాలి, ముందుకు తోస్తే కాగితం తెగుతుంది. మొదట ఖర్చు అయిందనిపించదు. ఏడాది పేపర్ల బిల్లు కూడితే వజ్రపు పలక వచ్చేసేదని తెలుస్తుంది.

చక్రాల చరిత్రలో చీకటి కోణం షెఫీల్డ్. కత్తులకూ పనిముట్లకూ పేరుపడ్డ ఆ ఇంగ్లండ్ ఊళ్ళో గ్రైండర్లు ఇసుకరాతి చక్రాల మీద ఒంగి పనిచేసేవారు. పొడిగా నూరేవాళ్ళ సగటు ఆయుష్షు ముప్పై అయిదేళ్ళకు మించడం లేదనీ, తడిగా నూరేవాళ్ళు నలభై అయిదు దాటడం అరుదనీ అక్కడి వైద్యుడు నైట్ చెప్పిన లెక్కను ఎంగెల్స్ 1845 నాటి తన పుస్తకంలో పేర్కొన్నాడు. ఊపిరితిత్తుల్లో చేరే సిలికా దుమ్ము వల్ల వచ్చే జబ్బు అది. తయారుచేసిన చక్రాలు వచ్చాక సిలికా బెడద తగ్గింది. లోహపు దుమ్మూ, రాలే గింజలూ ఎటూ పోలేదు. మూతికి మాస్కు, కంటికి అద్దాలు లేకుండా గ్రైండర్ ముందు నిలబడటం ఇప్పటికీ మన షెడ్లలో మామూలే.

ఇప్పుడు వేగాల లెక్క. మన 50 హెర్ట్‌జ్ కరెంటు మీద మామూలు బెంచ్ గ్రైండర్ నిమిషానికి సుమారు 2,850 చుట్లు తిరుగుతుంది. ఆరంగుళాల చక్రమైతే అంచు దగ్గర నిమిషానికి 1,360 మీటర్లు. "స్లో స్పీడ్" అని అమ్మే ఎనిమిదంగుళాల గ్రైండర్ 1,440 చుట్లు తిరిగినా, చక్రం పెద్దది కాబట్టి 900 మీటర్లు దాటుతుంది. సగమైందనుకుంటాం, తగ్గేది మూడోవంతే. ఎనిమిదంగుళాల చక్రాన్ని 2,850 చుట్ల మోటారుకు తగిలిస్తే 1,800 దాటుతుంది, కార్బన్ స్టీల్‌కు అది కొలిమే. మన ఊళ్ళలో నిజంగా ఎక్కువ వాడుతున్నది ఇవేవీ కావు, చేతిలో పట్టుకునే నాలుగంగుళాల యాంగిల్ గ్రైండర్. 11,000 చుట్లు, నిమిషానికి దగ్గరదగ్గర 3,500 మీటర్లు. ఉలిని కాలితో తొక్కిపట్టి దానితో రెండు గీతలు గీసి, నీలం తేలిన అంచుతో పని మొదలుపెట్టి, ఉక్కు మంచిది కాదని కంపెనీని తిట్టే దృశ్యం ఏ ఇల్లు కడుతున్న చోటికి వెళ్ళినా కనిపిస్తుంది. సైకిల్ మీద చక్రం బిగించుకుని వీధుల్లో తిరిగే సాన మనిషి కాలితో తొక్కే వేగం దీనికన్నా ఎంతో మేలు. కూరగాయల కత్తికి ఆ సాన బాగానే సరిపోతుంది. ఉలి వెన్ను మాత్రం ఆయన చేతికి ఇవ్వకూడదు.

గ్రైండర్ కొన్నవాళ్ళు దానితోపాటు వచ్చే బూడిదరంగు చక్రాన్ని అలాగే వాడతారు. అది ఇనుప కడ్డీలు అరగదీయడానికి. గట్టి బంధం, అరిగిన గింజ ఊడిరాదు, ముఖం గాజులా నున్నబడి కోయడం మానేసి రుద్దడం మొదలుపెడుతుంది. వేడంతా అక్కడిదే. తేలిగ్గా రాలే తెల్లటి అల్యూమినియం ఆక్సైడ్ చక్రం, 60 లేదా 80 నంబరుది వేసి, వజ్రపు డ్రెస్సర్‌తో అప్పుడప్పుడు ముఖం గీరితే అదే గ్రైండర్ వేరే యంత్రమవుతుంది. ఈ ఒక్క మార్పుకయ్యే ఖర్చు, మిగతా ఏ మార్పు మీద పెట్టే ఖర్చుకన్నా ఎక్కువ ఫలితమిస్తుందని నా అభిప్రాయం. కొత్త చక్రాన్ని బిగించేముందు వేలికి తగిలించుకుని చెక్కపిడితో తట్టాలి. గంటలా మోగితే సరే. మొద్దుగా మోగితే లోపల పగులుంది, అది మోటారు ఎక్కకూడదు.

స్వీడన్‌లో టోర్గ్‌నీ జాన్సన్ 1973లో మొదలుపెట్టిన టార్మెక్ యంత్రాలు వేగం సమస్యను మొదలంటా తుడిచేశాయి. టీ-8 రకానికి 250 మి.మీ. రాయి, నిమిషానికి 90 చుట్లు, అడుగున నీళ్ళ తొట్టి. అంచు దగ్గర వేగం నిమిషానికి 70 మీటర్లే, అంటే మన ఆరంగుళాల గ్రైండర్‌లో ఇరవయ్యో వంతు. ఉలి కాలే ప్రశ్నే లేదు. రెండో పక్క తోలు చక్రం మీద మెరుగు పెట్టుకోవచ్చు. బిగించే జిగ్‌లు కోణాన్ని కచ్చితంగా పట్టుకుంటాయి. 220 నంబరు రాయిని సరిచేసే దిమ్మెతో రుద్ది 1,000 నంబరులా నడిపించవచ్చు. బల్ల ఉలులకూ చిత్రిక బ్లేడ్లకూ ఇంతకన్నా నిశ్చింతైన యంత్రం లేదు. అయితే పెచ్చు పోయిన బ్లేడును దీని మీద సరిచేయాలంటే ఓపిక పట్టాలి. లేత్ మీద పది నిమిషాలకోసారి మొద్దుబారే గౌజ్ పట్టుకుని జిగ్ బిగించి, నీళ్ళు చూసుకుని, తడి తుడుచుకుని వచ్చేసరికి పని లయ చెడుతుంది. ధర ఊరి వడ్రంగికి అందేది కాదు. దాని నమూనాలు చవకలో వస్తున్నాయి. రాయి గుండ్రం సరిగా లేకపోతే మాత్రం ఎంత మంచి జిగ్ అయినా ఏమీ చేయలేదు.

అడ్డంగా పడుకోబెట్టిన పళ్ళెంలా తిరిగే యంత్రాలు ఇంకో తెగ. 150 మి.మీ. గాజు పళ్ళెం మీద ఎమరీ కాగితం అంటించి నిమిషానికి 580 చుట్లు తిప్పే వర్క్‌షార్ప్ వాటిలో పేరున్నది. పళ్ళెం చదును కాబట్టి వాలు చదునుగా వస్తుంది. వెలుపల వేగం ఎక్కువ, కేంద్రం వైపు తక్కువ కాబట్టి వెడల్పు బ్లేడు ఒక పక్క ఎక్కువ అరిగే అవకాశం ఉంది. షెఫీల్డ్‌లోని రాబర్ట్ సార్బీ వారి ప్రోఎడ్జ్ లాంటి బెల్టు యంత్రాలు లేత్ పనివాళ్ళకు బాగా నచ్చాయి. నంబరు మార్చాలంటే బెల్టు మార్చడమే, అర నిమిషం పని. ఈ రెండు తెగలకూ ఉన్న ఖర్చు కాగితాలూ బెల్టులూ. అవి మన దగ్గర ఏ ఊళ్ళో దొరుకుతాయో ముందే చూసుకోవాలి.

చక్రం మీద పట్టిన వాలు లోపలికి కాస్త పుచ్చినట్టుంటుంది. ఇది లోపమని కొందరు, వరమని కొందరు. లెక్క వేసి చూడండి. మూడు మి.మీ. మందం బ్లేడుకు 25 డిగ్రీల వాలు ఏడు మి.మీ. పొడవు వస్తుంది. ఆరంగుళాల చక్రం దాని మధ్యలో తవ్వే లోతు మి.మీ.లో పన్నెండో వంతు, పది అంగుళాల చక్రమైతే ఇరవయ్యో వంతు. అంచు బలం తగ్గేంత లోతు కాదది. కానీ ఆ బ్లేడును రాయి మీద పెట్టి నొక్కితే అంచూ మడమా (వాలు వెనక కొసా) రెండే తగులుతాయి. చేతికి అది టక్కున కూర్చున్నట్టు తెలుస్తుంది. జిగ్ అక్కర్లేకుండానే కోణం దొరికింది. ఆరేడు రుద్దులు రుద్ది వెలుగులో పట్టుకుంటే మధ్యలో మసక, పైనా కిందా రెండు వెండి గీతలు. పై గీత అంచు దాకా తెగకుండా వచ్చిందంటే అయిపోయినట్టే. వెన్ను మీద వేలు అడ్డంగా జరిపితే సన్నటి గరుకు తగులుతుంది. అంచు అవతలికి ఒరిగిన ఆ లోహపు మడతనే బర్ అంటారు. బర్ లేచిందంటే రెండు ముఖాలూ కలిశాయని గుర్తు, అది లేవకుండా నునుపు రాయికి మారడం వృథా శ్రమ. వెన్నును రాయి మీద పూర్తిగా పరిచి నాలుగు రుద్దులు, తోలు మీద పది లాగులు, బర్ పోతుంది. ఈసారి గ్రైండర్ దగ్గరికి వెళ్ళేది పది పన్నెండు నూరుళ్ళ తర్వాతే.

లేత్ పనివాడికి ఈ తీరిక లేదు, అవసరమూ లేదు. అతనికి కావలసింది ముందు ఆకారం. బౌల్ గౌజ్‌కు అమెరికన్ టర్నర్ డేవిడ్ ఎల్స్‌వర్త్ పేరుతో చెలామణిలో ఉన్న వాలు 60 డిగ్రీలు, రెక్కలు వెనక్కి దువ్వినట్టుంటాయి. ఇంకో టర్నర్ స్టువర్ట్ బాటీ ప్రచారం చేసిన పద్ధతి చుట్టూ 40 డిగ్రీలు. మొదటిది జిగ్ లేకుండా తెచ్చుకోవడం కష్టం, రెండోది చేత్తోనే నేర్చుకోవాలి. స్పిండిల్ గౌజ్‌కు 35, 40 మధ్య, స్క్రేపర్‌కు 70 పైన. స్క్యూ ఉలికి (అంచు ఏటవాలుగా ఉండే చదును ఉలికి) డిగ్రీలు కొలిచే పని లేదు. వాలు పొడవు ఉలి మందానికి ఒకటిన్నర రెట్లు ఉంటే రెండు వాలుల మధ్య కోణం 39 డిగ్రీలకు కుదురుతుంది. స్కేలు చాలు.

జిగ్ బిగించాక పాత కోణమే వచ్చిందా లేదా చూడటానికి మార్కర్ పెన్నును మించినది లేదు. వాలు మీద నల్లగా పూసి, స్విచ్ వేయకుండా చక్రాన్ని చేత్తో అర చుట్టు తిప్పాలి. మరక అంచు దగ్గరే చెరిగితే కోణం నిటారైంది, మడమ దగ్గరే చెరిగితే వాలిపోయింది. నిలువునా ఒకే పట్టీలా చెరిగితే మోటారు వేసుకోవచ్చు. అప్పుడిక పదును పెట్టడానికి పట్టేది పది సెకన్లు, పోయే ఉక్కు వెంట్రుకవాసి. కోణం ప్రతిసారీ మారేవాడి ఉలి ఏడాదికే పొట్టిదవుతుంది. పొదుపంటే ఇక్కడ కోణమే.

సీబీఎన్ చక్రాలు ఈ పనికి సరిగ్గా సరిపోయాయి. జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ వెంటోర్ఫ్ 1957లో సృష్టించిన ఈ పదార్థం వజ్రం తర్వాత అంత గట్టిది. వజ్రం ఉండగా ఇదెందుకంటే, అధిక వేడిలో వజ్రంలోని కార్బన్ ఇనుములో కరిగిపోతుంది. సీబీఎన్‌కు ఆ బలహీనత లేదు. చేతి పలకల మీద వేడి పుట్టదు కాబట్టి అక్కడ వజ్రమే చాలు. లోహపు చక్రం మీద పూతగా వచ్చే సీబీఎన్ దాదాపు అరగదు, వ్యాసం మారదు, డ్రెస్సింగ్ లేదు, పగిలి ఎగరదు. ఇవాళ పెట్టిన జిగ్ కొలత మూడేళ్ళ తర్వాతా అదే. గట్టిపరచని మెత్తటి ఇనుము తగిలిస్తే మాత్రం గింజల మధ్య పూడుకుపోతుంది. రోజంతా హైస్పీడ్ స్టీల్ ఉలులతో బతికేవాడికి ఖరీదు తిరిగొస్తుంది, సెలవు రోజుల్లో చెక్కేవాడికి తెల్ల చక్రమే నయం.

చక్రం మీంచి తీసిన ఉలిని రాయి మీద మెరుగుపెట్టాలా వద్దా అన్నది టర్నర్లలో తేలని తగువు. నా దృష్టిలో పనిని బట్టి తేలుతుంది. బెరడు తీసి గుండ్రం చేసే గౌజ్‌కు మెరుగు దండగ, మొదటి రెండు నిమిషాల్లోనే అది కరిగిపోతుంది. స్క్రేపర్‌కు మెరుగు పెడితే అసలుకే మోసం. దాని బర్రే కోసేది, రాయి మీద రుద్ది దాన్ని తీసేస్తే మిగిలేది మొద్దు ఇనుము. చివరి కోతకు వాడే స్క్యూకు మాత్రం వజ్రపు పలక మీద నాలుగు రుద్దులు తప్పనిసరి. ఎందుకో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాకలో తెలుస్తుంది. 2017లో జీఐ గుర్తింపు పొందిన ఆ లక్క బొమ్మలను, సహజ రంగుల కృషికి సి.వి.రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చిన ఆ పనిని, అంకుడు కర్ర మీద చేస్తారు. తిరుగుతున్న కర్రకు లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి కరిగి పూతగా పరుచుకుంటుంది. ఆ పూత చాలా పలచన. కింద నార చిరిగి ఉంటే ఏ రంగూ దాన్ని దాచదు, ఎమరీ పేపర్‌తో రుద్ది నునుపు చేస్తే పూస దగ్గర, మెడ దగ్గర గీసిన గీతల వాడి చెడుతుంది. అంకుడు లాంటి మెత్తటి సన్ననార కర్ర మీద నునుపు ఉలి నుంచే రావాలి.

అసలు పదును పెట్టే పనే లేదంటూ వచ్చినవి టంగ్‌స్టన్ కార్బైడ్ ముక్కల ఉలులు. ఉక్కు కడ్డీ చివర చదరపు ముక్కను స్క్రూతో బిగిస్తారు, ఒక అంచు పోతే స్క్రూ వదులు చేసి పావు చుట్టు తిప్పడమే. గ్రైండర్ లేదు, జిగ్ లేదు, కోణం గొడవ లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్ళు మొదటి రోజే గిన్నె చేసి ఇంటికి పట్టుకెళ్ళవచ్చు. గట్టి కర్రల మీద, ఇసుక చేరిన పాత దూలాల మీద ఇవి బాగా నిలుస్తాయి. ఎక్కువ రకాలు గీకే పద్ధతిలోనే పనిచేస్తాయి కాబట్టి మెత్తటి కర్ర మీద నార లేపుతాయి, లక్క పనికి పనికిరావు. నాలుగు అంచులూ అయిపోయాక కొత్త ముక్క కొనాలి. అది దొరికేలోపు పాత ముక్కను ఊడదీసి, దాని పైముఖాన్ని సన్నటి వజ్రపు పలక మీద పరిచి పాతిక రుద్దులు రుద్దితే ఇంకొన్నాళ్ళు నడుస్తుంది.